ఆధునీకరణా, ఆధునికీకరణా? సైనికులు చేసుకున్నది సంధేనా?

సందేహం: మా అబ్బాయి పోటీ పరీక్షలకు చదివే నోట్సులో ‘ఐర్లండ్ సైన్యం ఆధునీకరణ కోసం అక్కడి సైనికుల సంఘం ప్రభుత్వంతో వేతన సంధి చేసుకుంది’ అని ఉంది. ‘ఆధునీకరణ’ సరైన మాటేనా? ఇక్కడ ‘సంధి’ అనవచ్చా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: మొదటిదానికి జవాబు చిన్నదే. ‘ఆధునికీకరణ’ అనాలి. ఆధునికం కానిదాన్ని ఆధునికం చేయడం కాబట్టి ‘ఆధునిక’ చివరి అకారం ఈకారంగా మారి, ‘కరణ’ చేరుతుంది. సరళం సరళీకరణ అయినట్టు, కేంద్రం కేంద్రీకరణ అయినట్టు. ‘ఆధునీకరణ’ పుట్టాలంటే ‘ఆధున’ అనే మాట ఉండాలి, అది లేదు. రెండు కకారాలు వెంటవెంటనే రావడంతో నోట్లో ఒకటి జారిపోతోంది, అంతే. ‘పారిశ్రామికీకరణ’ను ‘పారిశ్రామీకరణ’ అనేవాళ్లదీ ఇదే ఇబ్బంది. పత్రికల్లో రోజూ కనిపిస్తోంది కాబట్టి ‘ఆధునీకరణ’ రేపు నిఘంటువుకెక్కినా నాకు ఆశ్చర్యం లేదు. పరీక్షలో మాత్రం మీ అబ్బాయిని ‘ఆధునికీకరణ’ అనే రాయమనండి.

‘సంధి’ సంగతి అలా కాదు, అది అర్థాన్నే తిప్పేస్తుంది. సంధి శత్రువుల మధ్య కుదిరేది. పైగా ఇక్కడ కర్తలు సైనికులు. సైనికులు సొంత ప్రభుత్వంతో సంధి చేసుకున్నారంటే, అంతకుముందు తిరగబడ్డారన్నమాట! ఐర్లండులో అలాంటిదేమీ జరగలేదు. 1980ల చివర జీతాలు చాలక కుటుంబాలు ఇబ్బంది పడుతుంటే, యూనిఫాంలో ఉన్నవాళ్లు రోడ్డెక్కకూడదు కాబట్టి వాళ్ల భార్యలే ఉద్యమించారు. 1989 ఎన్నికల్లో పోటీకీ దిగారు. ఆ ఒత్తిడితో జీతాలపై కమిషన్ వచ్చింది, 1990లో చట్టం మారింది, సైనికులకు ఒకటి, అధికారులకు ఒకటి ప్రాతినిధ్య సంఘాలు ఏర్పడ్డాయి. వాటికి బేరమాడే హక్కుంది, సమ్మె హక్కు లేదు. అందుకే వాటిని కార్మిక సంఘాలు అనకూడదు.

ఇలా బేరమాడి కుదుర్చుకునేదానికి తెలుగులో ‘ఒప్పందం’ ఉండనే ఉంది. ఇరుపక్షాలూ ఒప్పుకున్నది ఒప్పందం. ఐర్లండులో 2003 నాటి జాతీయ ఒప్పందంలో, పనితీరులో మార్పులకు సహకరించారని నిర్ధారించాకే జీతాల పెంపు ఇస్తామన్నారు. 2010 నాటి దాన్ని క్రోక్ పార్క్ ఒప్పందం అంటారు. చర్చలు జరిగిన డబ్లిన్ స్టేడియం పేరే దానికి స్థిరపడింది. ‘ఇక జీతాలు కోయం, బలవంతంగా ఎవర్నీ తీసేయం, మీరు సంస్కరణలకు సహకరించండి’ అన్నది దాని సారం. అది మిగతా ప్రభుత్వోద్యోగులతో పాటు సైన్యానికీ వర్తించింది. ఆ సంస్కరణల కాలంలోనే, 2012లో, అక్కడి సైన్యంలో మూడు బ్రిగేడ్లు (పెద్ద సైనిక దళాలు) రెండయ్యాయి. ‘ఒడంబడిక’ కూడా తప్పు కాదు గానీ, ఇప్పుడది దేశాల మధ్య పత్రాలకే ఎక్కువగా వాడుతున్నాం.

మన సైన్యం గురించి రాసేటప్పుడు మాత్రం ‘వేతన ఒప్పందం’ అనకండి. ఇక్కడ సైనికులకు సంఘం పెట్టుకునే హక్కు లేదు. వేతన కమిషన్ సిఫార్సు చేస్తుంది, కేంద్రం ఆమోదిస్తుంది. అది ‘వేతన సవరణ’. అదే సింగరేణిలో అయితే యూనియన్లు కూర్చుని మాట్లాడతాయి కాబట్టి అక్కడ ఒప్పందమే. కార్మికులు దాన్ని ‘వేజ్ బోర్డు’ అనే అంటారనుకోండి. తమాషా ఏమిటంటే కమిషన్‌నూ ‘వేతన సంఘం’ అంటాం, యూనియన్‌నూ ‘సంఘం’ అంటాం. అందుకే మీ వాక్యంలో ‘ప్రాతినిధ్య సంఘాలు’ అని విడమరిస్తే తికమక ఉండదు.

ఒక్క సవరణ. ‘వేతనం’ కంటే ‘జీతభత్యాలు’ ఇంకా నప్పుతుంది. లెబనాన్‌లో ఐరాస శాంతిదళంలో పనిచేసే ఐరిష్ సైనికుడికి నెల జీతం వేరు, విదేశీ విధులకిచ్చే భత్యం వేరు. బేరం రెండింటి మీదా ఉంటుంది. మన ‘బత్తెం’ లాంటి మాటే ఈస్టిండియా కంపెనీ సైన్యంలోనూ ‘బత్తా’గా వినిపించేది. 1766లో కంపెనీ గవర్నర్ క్లైవ్ బెంగాల్లో రెట్టింపు బత్తా ఆపేస్తే తెల్ల అధికారులు మూకుమ్మడిగా రాజీనామాలకు దిగారు. క్లైవ్ వాళ్లతో ఒప్పందానికీ రాలేదు, సంధికీ రాలేదు. రాజీనామాలు పుచ్చుకుని, ముందు నిలిచినవాళ్లను విచారణకు పెట్టాడు.