రోమన్ల ఖజానాకి ‘రాజ’ ఎందుకు?

సందేహం: పిల్లల కోసం రోమ్ చరిత్ర తెలుగులో రాస్తున్నాను. క్రీ.పూ. 49లో జూలియస్ సీజర్ రోమ్ నగరంలోని ‘ఐరారియుమ్’ (ప్రజల సొమ్ము దాచే చోటు) తలుపులు తెరిపించి సొమ్ము పట్టుకుపోయిన ఘట్టంలో ‘రాజకోశాన్ని కొల్లగొట్టాడు’ అని రాశాను. మావారు ‘ఖజానా’ అనమంటున్నారు. మా అత్తగారేమో ‘బొక్కసం’ ఉండగా ఖజానా ఎందుకంటున్నారు. ఏది సరి? – ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: అమ్మా, మీ అత్తగారి మాటే నా చెవికి ఇంపుగా ఉంది. అయితే ముందు మీ ‘రాజ’ సంగతి తేల్చాలి. క్రీ.పూ. 49 నాటికి రోమ్‌లో రాజెక్కడున్నాడు? రాజుల్ని తరిమేసి నాలుగు వందల ఏళ్లు దాటిపోయింది. రాజు అన్న మాటే వాళ్లకి గిట్టదు. ఆ సొమ్ము రోమన్ ప్రజలది. ఖర్చు సంగతి సెనేట్ చూసేది, లెక్కలు క్వెస్టర్లనే అధికారులు చూసేవారు. పాత కాలపు డబ్బు కనబడితే చాలు, ముందో ‘రాజ’ తగిలించడం మనకి అలవాటైపోయింది. పాఠ్యపుస్తకాల చలవే ఇది.

ఇక ‘ఐరారియుమ్’. ఇందులో ఉన్నది ‘ఐస్’ అనే లాటిన్ మాట (ఫ్రిజ్‌లో ఐస్ కాదు లెండి). రాగి, కంచు అని అర్థం. నాణేలు రాకముందు రోమన్లు రాగి, కంచు ముక్కల్ని తూచి ఇచ్చిపుచ్చుకునేవారు. అందుకే లాటిన్‌లో ‘తూచడం’ అన్న క్రియకే ‘చెల్లించడం’ అనే అర్థం కూడా వచ్చింది. షష్ఠీ విభక్తిలో ఈ ‘ఐస్’ చివరి సకారం రేఫగా మారి ‘ఐరిస్’ అవుతుంది. ఆ రేఫతోనే ‘ఐరారియుమ్’ పుట్టింది. ఇదే మాటకి సంస్కృతంలో తోబుట్టువు ఉంది: ‘అయస్’. ఋగ్వేదంలో అది ఏ లోహమో పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. రాగి అని కొందరు, కంచు అని కొందరు. తరవాతి సంస్కృతంలో మాత్రం ఇనుముకే స్థిరపడింది. మన ‘అయస్కాంతం’లో ఉన్నది ఆ అయస్సే. కాబట్టి రోమన్ల ఖజానా, మన అయస్కాంతం ఒకే లోహపు మాట మోస్తున్న దూరపు చుట్టాలు. మనం నీళ్లు తాగే చెంబుదీ ఇలాంటి కథే. తమిళంలో ‘చెంబు’ అంటే ఇప్పటికీ రాగి. లోహం పేరు మన దగ్గర పాత్రకి వచ్చింది, రోమన్ల దగ్గర గదికి వెళ్లింది.

అలాగని దాన్ని ‘రాగికొట్టు’ అని అనువదించకండి! సీజర్ నాటికి అందులో ఏముందో రోమన్ రచయిత ప్లినీ లెక్క చెప్పాడు: 15,000 బంగారు కడ్డీలు, 30,000 వెండి కడ్డీలు, 3 కోట్ల సెస్టర్స్‌ల నాణేలు. ఇదంతా శాటర్న్ దేవాలయంలో ఉండేది. కంచు రేకుల మీద చెక్కిన చట్టాలు, సైన్యం జెండాలు కూడా అక్కడే. తరవాత మళ్లీ కట్టిన ఆ గుడి తాలూకు 8 స్తంభాలు రోమ్‌లో కాపిటొలైన్ కొండ దిగువన ఇంకా నిలబడే ఉన్నాయి.

మీరు రాసే ఘట్టం గ్రీకు రచయిత ప్లూటార్క్ కళ్లకు కట్టినట్టు చెప్పాడు. మెటెల్లుస్ అనే ట్రిబ్యూన్ (సామాన్య ప్రజల తరఫు అధికారి) చట్టం చూపించి సీజర్‌కి అడ్డం పడ్డాడు. ఆయుధాలకీ చట్టాలకీ ఒకే కాలం కాదన్నాడు సీజర్. తాళంచెవులు దొరక్కపోతే కమ్మరుల్ని పిలిపించాడు. మెటెల్లుస్ మళ్లీ అడ్డుపడేసరికి, చంపేస్తాననీ, ఆ మాట అనడమే తనకి కష్టం గానీ చేయడం కాదనీ బెదిరించాడు. మెటెల్లుస్ తప్పుకున్నాడు. పిల్లలకి ఇది చెప్పండి, పదాల తగువు తరవాత చూసుకోవచ్చు.

‘ఖజానా’ అరబ్బీ మాట, పారసీకం మీదుగా మనకి చేరింది. మూలధాతువు అర్థం దాచడం. ‘మ్యాగజైన్’ కూడా ఆ ధాతువులోంచి వచ్చిందే. ఉపఖజానా కార్యాలయం బోర్డు మీద ఆ మాట హాయిగానే ఉంది, తప్పుబట్టను. ‘ఖజానాకు గండి’ అని పత్రికల వాళ్లు రోజూ రాస్తుంటేనే ఒళ్లు మండుతుంది. గండి పడేది చెరువుకి. ‘కోశం’ అంటే ఒర, మొగ్గ, నిఘంటువు, ధనం, ఇన్నీ. కానీ మన నీతిశాస్త్రాల్లో అది రాజ్యపు సప్తాంగాల్లో ఒకటి, రాజుగారి వాసన వదలదు.

రోమ్‌లో చక్రవర్తులు వచ్చాక వాళ్ల సొమ్ముకి ‘ఫిస్కుస్’ అని వేరే పేరుండేది. దానికి అసలు అర్థం అల్లిన బుట్ట. ‘ఫిస్కల్’ అనే ఇంగ్లీషు మాట అందులోంచే వచ్చింది. మీ పుస్తకం ఆ కాలం దాకా వెళితే దాన్ని ‘రాచబొక్కసం’ అనొచ్చు. ఐరారియుమ్‌ని మొదటిసారి ‘ప్రజల బొక్కసం’ అని రాసి, తరవాత ఉత్త ‘బొక్కసం’ అంటే సరిపోతుందనుకుంటాను. పిల్లలకి ఆ మాట కొత్తగా తోస్తే మీవారు ‘ఖజానా’ అన్నారే, అదీ తప్పు కాదు. ‘రాజ’ మాత్రం తీసేయండి.