బల్బు మారిస్తే సరిపోదు, దానికి గాలి ఆడాలి

ప్రశ్న: మాది కడపలో పాత బండల మిద్దె. ఆరు 60 వాట్ల బల్బులు తీసేసి 9 వాట్ల ఎల్ఈడీలు పెట్టించాము. వంటింట్లోదీ వరండాలోదీ ఎనిమిది నెలలకే పోయాయి, మిగిలిన నాలుగూ బాగానే ఉన్నాయి. పాత బల్బులే నయమంటారా?
– ఒక గృహిణి, కడప

జవాబు: పాత బల్బులు నయం కావమ్మా. ఆ ఆరు బల్బులూ రోజుకు 5 గంటలు వెలిగితే నెలకు 54 యూనిట్లు కాలుతాయి. వాటి స్థానంలో మీరు పెట్టిన ఎల్ఈడీలకు 8 యూనిట్లు చాలు. మన కరెంటు బిల్లు స్లాబుల లెక్కన పెరుగుతుంది కాబట్టి, మిగిలే 46 యూనిట్లూ బిల్లులో ఖరీదైన పై స్లాబుల నుంచే తగ్గుతాయి. చవకగా ఎల్ఈడీలు పంచడానికి 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకం కోసం ప్రభుత్వ సంస్థ పెద్దమొత్తంలో కొన్న ఎల్ఈడీ బల్బు ధర 2014లో 310 రూపాయలు ఉండగా, 2016 నాటికి 38 రూపాయలకు దిగింది. కనుక రెండు బల్బులు పోయినా మీకు నష్టం లేదు. అయితే అవి ఎందుకు పోయాయో తెలుసుకోకుండా మళ్లీ అక్కడే కొత్తవి పెడితే అవీ అదే దారి పడతాయి.

పాత బల్బులోని తీగ దాదాపు 2,500 డిగ్రీల వేడిలో వెలుగుతుంది. తీసుకున్న కరెంటులో ఎక్కువ భాగాన్ని అది సెగగా బయటికి చిమ్మేస్తుంది, ఆ వేడి దానికి హాని కాదు. ఎల్ఈడీ అలా కాదు. దానిలో పుట్టే వేడి తక్కువే అయినా, అది బల్బు ఒంటి గుండా చుట్టూ ఉన్న గాలిలోకి పోవలసిందే తప్ప వేరే దారి లేదు. గాలి ఆడని గాజు గిన్నెలో బిగిస్తే ఆ వేడి లోపలే నిలిచి, హోల్డరు దగ్గర ఉండే చిన్న సర్క్యూటును ఉడికిస్తుంది. ఆ సర్క్యూటులో కరెంటును నిలకడగా ఉంచే చిన్న డబ్బీలాంటి కెపాసిటర్‌కు ప్రతి 10 డిగ్రీల అదనపు వేడికీ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. డబ్బాపై రాసే 25,000 గంటలన్నది బల్బుకు గాలి ఆడేచోట వర్తించే లెక్క. మే నెలలో కడప బండల మిద్దె పొద్దు గూకినా సెగ కక్కుతూనే ఉంటుంది, దాని కింద పొయ్యి ఆవిరి, పైగా మూసిన గాజు గిన్నె అంటే ఆ లెక్క నిలవదు.

గత వేసవిలో మా వంటింట్లో ఆరిపోయిన బల్బును హోల్డరు నుంచి తీసి విప్పి చూశాను. పైనున్న తెల్లటి మూత తిప్పితే ఊడి వచ్చింది. గుండ్రటి పలకపై పన్నెండు పసుపు చుక్కలు, వాటిలో ఒకదాని నడుమ ఆవగింజంత నల్లటి మచ్చ కనిపించాయి. అన్నీ ఒకే వరుసలో కలిపి ఉండటంతో ఆ ఒక్కటి మాడగానే మిగిలిన పదకొండూ ఆరిపోయాయి. పలక అడుగున కెపాసిటర్ తల ఉబ్బి ఉంది. మీ రెండు బల్బులకూ బహుశా ఇదే జరిగి ఉంటుంది.

కాబట్టి వరండాలో గాజు గిన్నె ఉంటే తీసేయండి, లేదా కింద తెరిచి ఉండే షేడు పెట్టించండి. వంటింట్లో బల్బును పొయ్యికి నేరుగా పైన కాకుండా పక్క గోడకు మార్చి, వీలైతే ట్యూబులాంటి బ్యాటెన్ లైటు వేయించండి. పొడుగ్గా ఉంటుంది కనుక దాని వేడి ఒకేచోట పోగుపడదు. కొనేటప్పుడు వాట్లకన్నా ముందు వెలుగును కొలిచే ల్యూమెన్లు చూడండి. పాత 60 వాట్ల బల్బు వెలుగు దాదాపు 700 ల్యూమెన్లు, మంచి 9 వాట్ల ఎల్ఈడీది 800 నుంచి 900. డబ్బాపై ఐఎస్ 16102 అన్న ప్రమాణమూ, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ సంఖ్యా లేకపోతే ఎంత చవకైనా తీసుకోవద్దు. బోర్లు ఆడే వేళల్లో వోల్టేజీ పడిపోయే ఊళ్లవారు, ఎన్ని వోల్టుల నుంచి ఎన్ని వోల్టుల దాకా తట్టుకుంటుందో కూడా చదివి కొనాలి.

ఇంకొక మాట. కడప బండ నల్లనిది, పడిన వెలుగును తాగేస్తుంది. గదిలో ఇంకా మసకగా అనిపిస్తే బల్బు పెంచే ముందు గోడలకూ పైకప్పుకూ తెల్ల సున్నం వేయించి చూడండి.

ప్రశ్న: మగ్గం దగ్గర ఎల్ఈడీ పెట్టినప్పటి నుంచి రాత్రి ఒకటిగా కనిపించిన నూలు రంగులు పొద్దున వేరువేరుగా కనిపిస్తున్నాయి. కళ్ల లోపమా?
– ఒక నేత కార్మికుడు, ఎమ్మిగనూరు

జవాబు: లోపం మీ కళ్లది కాదన్నా, వెలుగుది. తెల్ల ఎల్ఈడీలో నిజానికి ఉండేది నీలి వెలుగు. 2014లో ముగ్గురు శాస్త్రవేత్తలకు భౌతికశాస్త్ర నోబెల్ తెచ్చిపెట్టింది ఆ నీలి ఎల్ఈడీయే. దానిపై పసుపు పూత పూస్తే మన కంటికి తెల్లగా తోస్తుంది గానీ, ఎరుపు పాలు తక్కువ పడుతుంది. అందుకే మెరూనూ ముదురు గోధుమరంగూ ఒకటిగా కనిపిస్తాయి. రంగును ఎంత నిజంగా చూపుతుందో చెప్పే అంకెను సీఆర్‌ఐ అంటారు. పాత బల్బుకు అది ఇంచుమించు 100, మామూలు ఎల్ఈడీకి 80. మగ్గం మీదికి మాత్రం 90కి పైబడి సీఆర్‌ఐ ఉన్నది, 4,000 కెల్విన్ రంగులో, అంటే మరీ పసుపూ మరీ నీలమూ కాని తెలుపులో అడిగి తెచ్చుకోండి. ధర ఎక్కువే, కానీ నేత చీర రంగు తప్పితే పోయేది అంతకన్నా ఎక్కువ. అప్పటిదాకా రంగుల జత పగటి వెలుగులోనే కలుపుకోండి.

ప్రశ్న: స్విచ్ ఆపినా రాత్రంతా బల్బు మిణుకుమంటోంది.
– ఒక విద్యార్థి, అనంతపురం

జవాబు: స్విచ్‌లో చిన్న ఎర్ర దీపం ఉంటే, దాని గుండా పారే కాస్త కరెంటే కారణం కావచ్చు, అందులో ప్రమాదం లేదు. అది లేకపోతే, స్విచ్‌ను కరెంటు తెచ్చే ఫేజ్ తీగకు బదులు తిరుగు దారైన న్యూట్రల్‌కు కలిపి ఉండవచ్చు. అప్పుడు స్విచ్ ఆపినా హోల్డరులో కరెంటు ఉంటుంది. బల్బును ముట్టుకోకుండా ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి తీగ మార్పించండి.

ప్రశ్న: నాటుకోడి పిల్లల గంపపై ఎల్ఈడీ పెట్టవచ్చా?
– ఒక రైతు, ఆదోని

జవాబు: వద్దు. ఆ పిల్లలకు కావలసింది వెలుగు కాదు, వెచ్చదనం. గంపకు పాత 60 వాట్ల బల్బునే ఉంచి, ఇంట్లోవన్నీ మార్చుకోండి.