సిద్ధాంతమూ రాద్ధాంతమూ

సందేహం: మారతహళ్ళిలో మా చుట్టుపక్కల ఉన్న తెలుగు కుటుంబాల పిల్లలకు ఆదివారాలు జీవశాస్త్రం తెలుగులో చెబుతున్నాను. జీవపరిణామం పాఠంలో తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు “అది సిద్ధాంతమే కదా టీచర్, రుజువైనదేమీ కాదుగా” అన్నాడు. థియరీని సిద్ధాంతం అనడం సరైనదేనా? హైపోథిసిస్‌కు పరికల్పన, ప్రాకల్పన, ఊహ అని మూడు మాటలు పుస్తకాలలో కనబడుతున్నాయి. వీటిలో ఏది సరైన రూపం? పరిణామ సిద్ధాంతం అనాలా, పరిణామవాదం అనాలా?
– ఒక ఉపాధ్యాయిని, బెంగళూరు

సమాధానం: అమ్మా, మీ శిష్యుడి మాటలు తెలుగువే గాని ఆ వాక్యం తెలుగుది కాదు. ఇంగ్లీషువారి వ్యవహారంలో థియరీకి రెండు ముఖాలున్నాయి. వీధిలో అది ఉత్త అంచనా. ప్రయోగశాలలో అది ఎన్నో పరీక్షలకు నిలిచిన వివరణ. ఆ రెంటినీ కలగలిపే చిక్కు ఆ భాషది. తెలుగులో సిద్ధాంతం అన్న మాటకు అంచనా అనే అర్థం ఏనాడూ లేదు. “సిద్ధాంతమే గాని రుజువు కాలేదు” అనడం “అన్నమే గాని ఇంకా ఉడకలేదు” అనడం వంటిది.

సిధ్ ధాతువుకు నెరవేరడం, సాధింపబడడం అని అర్థం. దానిమీద, పని పూర్తయిందని తెలిపే క్త ప్రత్యయం చేరితే సిద్ధం. అంతం అంటే ఇక్కడ చావో ముగింపో కాదు, నిర్ణయం. పూర్వపక్షాన్ని, అంటే ఎదుటివారి వాదాన్ని, వినిపించి, దానిలోని బలాన్ని ఒప్పుకొని, ఆక్షేపాలకు సమాధానం చెప్పిన తరువాత తేలి నిలిచినదే సిద్ధాంతం. పూర్వపక్షం లేనిచోట సిద్ధాంతం లేదు. సంస్కృత శాస్త్రకారులు తాము ఖండించబోయే వాదాన్ని ముందు ఎంత శ్రద్ధగా వివరిస్తారో చూసినవారికి ఈ మాట బరువు తెలుస్తుంది.

అమరసింహుడి సంస్కృత పర్యాయపద నిఘంటువు అమరకోశం మొదటి కాండంలో, బుద్ధికి సంబంధించిన మాటలు చెప్పే ధీవర్గంలో కొన్ని పంక్తులు మీ పిల్లలకు తప్పక చదివి వినిపించండి. “అధ్యాహారస్తర్క ఊహో విచికిత్సా తు సంశయః” అని ఊహతో, సంశయంతో మొదలుపెట్టి, సందేహానికి మరికొన్ని పర్యాయాలు చెప్పి, “సమౌ నిర్ణయనిశ్చయౌ”, అంటే నిర్ణయం, నిశ్చయం సమానార్థకాలు, అంటాడు. ఆపైన కొద్ది దూరంలోనే “సమౌ సిద్ధాంతరాద్ధాంతౌ”, అంటే సిద్ధాంతం, రాద్ధాంతం సమానార్థకాలు, అంటాడు. ఊహ, సంశయం, నిర్ణయం, సిద్ధాంతం ఇంత దగ్గరగా, ఈ వరుసలో కుదిరాయి. అమరసింహుడు దీన్ని పరిశోధనాక్రమంగా ఉద్దేశించాడని నేను అనను. అయినా శాస్త్రీయ పద్ధతి అనే పాఠానికి ఇంతకన్నా మంచి ప్రవేశిక మన నిఘంటువులలో నాకు కనబడలేదు.

ఆ చివరి పాదంలోని రెండో మాటను గమనించండి. “రాధ సాధ సంసిద్ధౌ” అని సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠం. రాధ్ ధాతువుకూ నెరవేరడమే అర్థం. రాద్ధాంతం సిద్ధాంతానికి తోబుట్టువు, అర్థంలో వెంట్రుకవాసి తేడా లేదు. మరి తెలుగులో దాని గతి ఏమైంది? “ఇంత చిన్నదానికి రాద్ధాంతం చేస్తావేమిటి” అంటున్నాం. నిర్ణయాన్ని చెప్పవలసిన మాట నిర్ణయం లేని రచ్చకు పేరయింది. వాదం ముదిరి అరుపుల్లోకి దిగే సభలను చూసి చూసి జనం ఆ మాటకు ఈ అర్థాన్ని అంటగట్టి ఉంటారని నా అభిప్రాయం. వాడుకలో స్థిరపడినదాన్ని ఇప్పుడు వెనక్కి తిప్పలేము, తిప్పమని అడగను కూడా. కాని మిగిలిన తోబుట్టువునైనా కాపాడుకోవద్దా? ఈ మధ్య పత్రికలలో “కుట్ర సిద్ధాంతం” అని రాస్తున్నారు. ఆధారం లేని అనుమానాన్ని పట్టుకొని సిద్ధాంతం అనడమేమిటి? కుట్ర ఊహ అనండి, కుట్ర కథ అనండి, తెలుగుకు మాటల కరవు లేదు. పెద్దలు ఇలా రాస్తుంటే పిల్లవాడు పరిణామ సిద్ధాంతాన్ని అనుమానాల జాబితాలో చేర్చడంలో అతని తప్పేముంది?

పిల్లలకు ఉదాహరణ కావాలంటే చలిజ్వరాన్ని, అంటే మలేరియాను, తీసుకోండి. అందులో మీ ఊరికీ చోటుంది. రోనాల్డ్ రాస్ 1883లో బెంగళూరులో సైనిక వైద్యుడుగా ఉన్నప్పుడు, నిలవ నీరు లేకుండా చేస్తే దోమలు తగ్గుతాయని గమనించాడు. అది పరిశీలన. మలేరియాను దోమ మోస్తుందని 1894లో పాట్రిక్ మాన్సన్ అనే బ్రిటిష్ వైద్యుడు అన్నాడు. అది ఊహ. రాస్ సికింద్రాబాదులో లార్వాల నుంచి దోమలను పెంచి, రోగి రక్తం తాగించి, ఒక్కొక్కదాన్నే కోసి సూక్ష్మదర్శిని కింద పరీక్షించాడు. వేరే జాతుల దోమలలో ఎంత వెదికినా కనబడని మలేరియా పరాన్నజీవి, 1897 ఆగస్టు 20న ఒక అనాఫిలిస్ దోమ కడుపు గోడలో నల్లని రేణువులున్న గుండ్రని కణాలుగా కనబడింది. మాన్సన్ ఊహలో ఒక భాగం మాత్రం నిలవలేదు. దోమలు చచ్చిపడిన నీరు తాగితే జ్వరం వస్తుందని ఆయన అనుకొన్నాడు. 1898లో రాస్ కలకత్తాలో పక్షుల మలేరియాను పరీక్షించి, పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథులకు చేరుతుందనీ, కాటుతోనే వ్యాపిస్తుందనీ చూపాడు. మనుషుల మలేరియా విషయంలో అదే ఏడాది ఇటలీలో గ్రాసీ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు అనాఫిలిస్ దోమ పాత్రను నిరూపించారు. ఊహలో నిలవనిది రాలిపోయి, నిలిచినది సిద్ధాంతమైంది.

ఇక హైపోథిసిస్. ప్రాక్ అనే మాటకు కల్పన చేరితే ప్రాక్కల్పన కావాలి. ఒంటి కకారంతో ప్రాకల్పన అని రాసేవారు సంధిని మింగేస్తున్నారు. పరికల్పన నిర్దుష్టం, పాఠ్యపుస్తకాలలోనూ ఉన్నది. కాని కల్పన అనగానే తెలుగు పిల్లవాడికి కట్టుకథ తోస్తుంది. అందుచేత నా మొగ్గు ఊహ వైపే. ఊహ అంటే గాలిమేడ కాదు, “ఊహ తెలిసినప్పటి నుంచి” అనే పలుకుబడిలో అది వివేకం. మీ పక్కింటి కన్నడిగులు ఊహె అంటారు గనుక బెంగళూరు పిల్లలకు అది మరింత చేరువ. పరీక్షలో మాత్రం పరికల్పన అనే రాయించండి, మార్కులు పోకూడదు.

సిద్ధాంతం అన్న మాట థియరీకి అచ్చంగా సరిపోతుందని ప్రమాణం చేయలేను. విజ్ఞానశాస్త్రం రేపటి సాక్ష్యానికి తలుపు తెరిచే ఉంచుతుంది. సిద్ధాంతం అన్నప్పుడు తలుపు మూసిన ధ్వని కొంత ఉంది. అయితే మన తర్కశాస్త్రానికి మూలగ్రంథమైన న్యాయసూత్రాలు సిద్ధాంతాలను నాలుగు విధాలుగా చెప్పాయి. వాటిలో చివరిది అభ్యుపగమ సిద్ధాంతం. “అపరీక్షితాభ్యుపగమాత్ తద్విశేషపరీక్షణమ్” అని దాని లక్షణం. పరీక్షించనిదాన్ని ప్రస్తుతానికి ఒప్పుకొని, దాని విశేషాలను పరీక్షించడమన్నమాట. ఇది దాదాపు మీ హైపోథిసిస్సే! కనుక ఆ పిల్లవాడి వైపు న్యాయశాస్త్రంలో ఒక సన్నని ఆధారం ఉందని ఒప్పుకోవాలి. అయినా విశేషణం లేకుండా సిద్ధాంతం అన్నప్పుడు ఆ అర్థం తోచదు.

పరిణామవాదం అనే మాట, ప్రకృతే జగత్తుగా మారుతుందనే సాంఖ్యదర్శనకారుల వాదానికి ఎప్పటినుంచో పేరు. డార్విన్ చెప్పినదానికి జీవపరిణామ సిద్ధాంతం అనడం మేలు.