ఫుట్‌బాల్ గేమ్‌లో అసలు ఆట కనిపించాలంటే ముందు సెట్టింగ్స్ మార్చండి

“నా దగ్గర ఎఫ్‌సీ 24 ఉంది. ఎఫ్‌సీ 26 చాలా రియలిస్టిక్‌గా ఉందంటున్నారు. కొత్త ఫీచర్ల కోసం కొనొచ్చా?” అన్నది ప్రశ్న. ఎఫ్‌సీ అంటే ఈఏ కంపెనీ ఏటా తెచ్చే ఫుట్‌బాల్ వీడియో గేమ్, ఇదివరకు దాని పేరు ఫిఫా.

కెరీర్ మోడ్ (కంప్యూటర్ మీద ఆడుతూ ఒక క్లబ్‌ని సీజన్లకొద్దీ నడిపేది) ఆడేవాళ్లయితే కొనొచ్చు, అదీ ధర తగ్గాక. అల్టిమేట్ టీమ్ (ఆటగాళ్ల కార్డులు పోగేసి ఆన్‌లైన్‌లో పోటీపడేది) తప్ప ఇంకేదీ ఆడనివాళ్లు రియలిజం గురించి ఆలోచించడమే దండగ, ఆ మోడ్‌లో అది దొరకదు. కానీ ఈ రెండింటికన్నా ముందు చెప్పాల్సిన మాట ఒకటుంది. ఎఫ్‌సీ 24ని మీరు ఇన్నాళ్లూ డిఫాల్ట్ సెట్టింగ్స్‌తోనే ఆడుతూ ఉంటే, ఆ గేమ్‌లో ఉన్న ఫుట్‌బాల్‌లో సగం కూడా మీకింకా కనిపించలేదు.

మొదట గడియారం సంగతి. ఆన్‌లైన్ మ్యాచ్‌లో ఒక్కో హాఫ్ 6 నిమిషాలు. 90 నిమిషాల ఆట 12 నిమిషాల్లో అయిపోవాలి కాబట్టి తెర మీద గడియారం ఏడున్నర రెట్ల వేగంతో తిరుగుతుంది. ఆటగాళ్లు మాత్రం మనుషుల వేగంతోనే పరిగెడతారు. ఒక వింగర్ 60 మీటర్లు పరిగెత్తడానికి 8 సెకన్లు పట్టిందనుకోండి, గడియారంలో నిమిషం గడిచిపోయింది. వెనక నుంచి ఓపిగ్గా 20 పాసులు ఆడి ముందుకెళ్లారనుకోండి, దానికి 40 సెకన్లు పడితే గడియారంలో 5 నిమిషాలు ఎగిరిపోయాయి. అందుకే అందరూ బంతి దొరకగానే నేరుగా గోల్ వైపు దూకుతారు. అది ఆడేవాళ్ల తప్పు కాదు, గడియారం అలా ఆడిస్తుంది. ఈ ఒక్క సంగతి పట్టించుకోకుండా గడ్డి పోచలు ఎంత బాగా కనిపిస్తున్నాయో, చెమట ఎలా మెరుస్తోందో రివ్యూల్లో పేజీలకు పేజీలు రాస్తారు.

కెరీర్‌లో హాఫ్ నిడివిని 4 నుంచి 20 నిమిషాల దాకా మార్చుకోవచ్చు. 10 పెట్టండి. గడియారం వేగం నాలుగున్నర రెట్లకు దిగుతుంది, మిడ్‌ఫీల్డ్‌లో బంతి తిప్పడానికి తీరిక దొరుకుతుంది. ఎక్కువ ఉంటే ఇంకా మంచిదని 20 పెడితే మాత్రం బెడిసికొడుతుంది. డిఫాల్ట్ స్లైడర్లతో (ఆట తీరుని మార్చే అంకెలివి) అంతసేపు ఆడితే రెండు వైపులా షాట్లు కుప్పలుగా పడి స్కోరు 6-5 లాంటి అంకెలకు చేరుతుంది. నిజం మ్యాచ్‌లో ఒక జట్టు కొట్టే షాట్లు సుమారుగా పది పన్నెండే. పది నిమిషాల హాఫ్‌లో, స్లైడర్లు సరిచేశాక, ఆ లెక్కకు దగ్గరగా వస్తుంది.

ఇక స్లైడర్లు. గేమ్ సెట్టింగ్స్‌లో యూజర్‌కి ఒకటి, సీపీయూకి, అంటే కంప్యూటర్ ఆడే జట్టుకి, ఒకటి అని రెండు పేజీలుంటాయి. విలువలు 0 నుంచి 100, మొదట్లో అన్నీ 50 దగ్గరే ఉంటాయి. చాలామంది ఇక్కడికి రాగానే స్ప్రింట్ స్పీడ్ తగ్గించేస్తారు. ఆట నెమ్మదిస్తే నిజంలా ఉంటుందని నమ్మకం. అది తప్పుదారి. వేగం తగ్గిస్తే ఎంబాపేకీ, ముప్పై నాలుగేళ్ల సెంటర్ బ్యాక్‌కీ మధ్య ఉండాల్సిన తేడానే చచ్చిపోతుంది. నిజం ఆటకీ గేమ్‌కీ ఉన్న పెద్ద తేడా వేగంలో లేదు, పొరపాట్లలో ఉంది. గేమ్‌లో ఎవరూ తడబడరు.

ఒక్క సందర్భాన్ని దగ్గరగా చూడండి. సీపీయూ జట్టు రైట్ బ్యాక్ మీ ఒత్తిడికి బంతిని వెనక్కి, సెంటర్ బ్యాక్‌కి ఇస్తాడు. ఆ సెంటర్ బ్యాక్‌ది కుడికాలు, ఎడమకాలి నైపుణ్యానికి గేమ్ ఇచ్చింది ఐదులో రెండు నక్షత్రాలే. డిఫాల్ట్ సెట్టింగ్‌లో పాస్ గీత గీసినట్టు వస్తుంది, బంతి ఎడమకాలికి అతుక్కుంటుంది, అతను ఆ కాలితోనే 40 మీటర్ల దూరంలోని వింగర్ పాదాల దగ్గర దాన్ని పెడతాడు. ఇప్పుడు పాస్ ఎర్రర్ (పాసులు ఎంత గురి తప్పాలో చెప్పేది) 63, ఫస్ట్ టచ్ కంట్రోల్ ఎర్రర్ (బంతి అందుకునేటప్పుడు ఎంత తడబడాలో చెప్పేది) 60 పెట్టి అదే సందర్భం చూడండి. పాస్ అర అడుగు వెనగ్గా వస్తుంది. సెంటర్ బ్యాక్ నడుము తిప్పి ఎడమకాలు చాస్తాడు, బంతి పిక్కకి తగిలి మీటరు దూరం జరుగుతుంది. ఎల్‌2 బటన్ పట్టుకుని (ఎదుటివాడికి ఎదురుగా కాచుకోడానికి) మూడడుగుల దూరంలో కాచుకున్న మీ స్ట్రైకర్‌కి ఆ మీటరు చాలు. అతను కాలు పెట్టేలోపు సెంటర్ బ్యాక్ కంగారుగా బంతిని గీత అవతలికి తన్నేస్తాడు. త్రో ఇన్. గోల్ కాదు, హైలైట్ కాదు, కానీ టీవీలో మ్యాచ్ చూస్తే ఇలాంటివే పదే పదే కనిపిస్తాయి. ప్రెసింగ్, అంటే బంతి ఉన్నవాడి మీద ఒత్తిడి పెట్టడం, అనేదానికి అర్థం వచ్చేది ఇక్కడే. తడబడని ఆటగాణ్ణి ప్రెస్ చేసి ఏం లాభం?

మొదలుపెట్టడానికి ఈ అంకెలు తీసుకోండి: యూజర్‌కీ సీపీయూకీ ఒకేలా, పాస్ ఎర్రర్ 63, ఫస్ట్ టచ్ ఎర్రర్ 60, షాట్ ఎర్రర్ 55, పాస్ స్పీడ్ 47, యాక్సిలరేషన్ 47, మార్కింగ్ 55. స్ప్రింట్ స్పీడ్, గోల్‌కీపర్ ఎబిలిటీ, పవర్ బార్ 50 దగ్గరే వదిలేయండి. కష్టం స్థాయి వరల్డ్ క్లాస్ లేదా లెజెండరీ. కాంపిటీటర్ మోడ్ ఆఫ్, లేకపోతే సీపీయూ ఆన్‌లైన్ కుర్రాళ్లలాగా అనవసరమైన స్కిల్ మూవ్స్ మొదలుపెడుతుంది.

తర్వాత మీ చేతికి తగ్గట్టు ఒకసారికి ఒక్క స్లైడర్‌నే, మూడు నాలుగు పాయింట్లు మించకుండా జరపండి. ఒక మ్యాచ్ చూసి తేల్చేయకండి, కనీసం నాలుగైదు ఆడాలి, బలమైన జట్టుతో ఒకటి, బలహీన జట్టుతో ఒకటి తప్పకుండా ఉండాలి. ఎక్కడ చెడుతుందో కూడా తెలిసి ఉండాలి. పాస్ స్పీడ్ 40 కిందికి పోతే బంతి దారిలోనే నీరసపడి ప్రతి పాసూ ఎదుటివాడి కాలికి దొరుకుతుంది. రన్ ఫ్రీక్వెన్సీ 65 దాటితే అందరూ ముందుకే పరిగెడతారు, బంతి పోయాక వెనక ఇద్దరే మిగులుతారు. మార్కింగ్ 70 పెడితే సీపీయూ సెంటర్ బ్యాక్‌లు మీ స్ట్రైకర్ వెంటబడి సగం మైదానం దాకా వచ్చేస్తారు, వెనక తలుపు బార్లా తెరిచినట్టే. యాక్సిలరేషన్ 40కి దించితే ఆటగాళ్లు బురదలో తిరుగుతున్నట్టుంటారు.

స్లైడర్లకన్నా పెద్ద మార్పు కంట్రోలర్ సెట్టింగ్స్‌లో ఉంది, దాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోరు. పాస్, త్రూ పాస్, క్రాస్, షాట్ అన్నిటికీ అసిస్టెన్స్ అని ఒకటుంది. అది అసిస్టెడ్‌లో ఉన్నంతకాలం మీరు స్టిక్‌ని కాస్త పక్కకి నొక్కినా గేమ్ సరిదిద్ది సరైన మనిషికే ఇస్తుంది. త్రూ పాస్‌నీ క్రాస్‌నీ సెమీకి, అంటే సగం సాయానికి, మార్చండి. మొదట్లో చిరాకొస్తుంది, బంతులు ఎటో పోతాయి. వారం తిరక్కుండానే మీరు బంతి ఇచ్చేముందు రిసీవర్ ఏ కాలి మీద ఉన్నాడో చూడటం మొదలుపెడతారు. కెమెరా టెలీ గానీ కో-ఆప్ గానీ పెట్టి ఎత్తు 20, జూమ్ 0 చేయండి. టీవీ కెమెరా అందంగానే ఉంటుంది గానీ అవతలి వింగ్‌లో ఎవరు ఖాళీగా ఉన్నారో చూపించదు.

ఇప్పుడు కొత్త ఫీచర్ల దగ్గరికి. ఏటా ఒక కొత్త పేరు వస్తుంది. 2021లో ఫిఫా 22తో హైపర్‌మోషన్ వచ్చింది. 22 మందికి సెన్సర్ సూట్లు తొడిగి పూర్తి మ్యాచ్ ఆడించి, ఆ కదలికలను గేమ్‌లోకి ఎక్కించారు. 2023లో, ఫిఫా పేరు పోయి ఎఫ్‌సీ 24 అయ్యాక, 180కి పైగా నిజం మ్యాచ్‌ల నుంచి తీసిన కదలికలతో హైపర్‌మోషన్‌వీ వచ్చింది. హాలాండ్ పరుగు హాలాండ్ పరుగులాగే కనిపించడం దాని గొప్పే. కానీ ఎంత సహజమైన కదలికో అంత పొడుగైన యానిమేషన్. ఆటగాడు మలుపు తిరగడం మొదలుపెట్టాక చాలాసార్లు అది పూర్తయ్యేదాకా మీ బటన్ పనిచేయదు. ఆన్‌లైన్‌లో పోటీపడేవాళ్లు బటన్ నొక్కగానే జరగాలంటారు. కెరీర్ ఆడేవాళ్లు శరీరానికి బరువుండాలంటారు. ఏళ్ల తరబడి ఈఏ ఈ రెండు వర్గాలనీ ఒకే గేమ్‌తో సంతృప్తి పరచాలని చూసింది, ప్రతి అప్‌డేట్‌కీ ఎవరో ఒకరు మండిపడ్డారు. ఎఫ్‌సీ 26లో చివరికి రెండూ విడదీశారు. ఆన్‌లైన్‌కి కాంపిటీటివ్, కెరీర్‌కి ఆథెంటిక్. నా దృష్టిలో పదేళ్లలో తీసుకున్న తెలివైన నిర్ణయం ఇదే, ఎందుకంటే ఇది ఫీచర్ కాదు, ఒకే గేమ్ ఇద్దరికీ సరిపోదని ఒప్పుకోవడం. ఆథెంటిక్‌లో ఆడితే నేను పైన చెప్పిన అంకెలు కొంచెం తగ్గించుకోండి, పాస్ ఎర్రర్ 57 చాలు.

ఎఫ్‌సీ 24 నుంచి 26కి వెళ్తే మీకు దక్కే అసలైన కొత్తదనం మాత్రం ఎఫ్‌సీ 25లో వచ్చిన ఎఫ్‌సీ ఐక్యూ. ఆటగాడు దాడిలో, డిఫెన్స్‌లో ఎంత పాల్గొంటాడో చెప్పే పాత వర్క్ రేట్లు తీసేసి ప్లేయర్ రోల్స్ పెట్టారు. లెఫ్ట్ బ్యాక్‌కి ఫాల్స్‌బ్యాక్ రోల్ ఇస్తే బంతి మీ దగ్గరున్నప్పుడు అతను లోపలికి, డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ పక్కకి వచ్చి నిలబడతాడు. కోచ్ గ్వార్డియోలా బాయెర్న్‌లో లామ్‌తో చేయించింది, ఆర్సెనల్‌లో జించెంకో చేసింది ఇదే. ఎఫ్‌సీ 24లో దీన్ని పైపైన అనుకరించగలరు, ఇంత కచ్చితంగా కాదు. ఒక్క జాగ్రత్త: ఫాల్స్‌బ్యాక్ పెట్టినప్పుడు అటువైపు వింగర్‌ని కూడా ఇన్‌సైడ్ ఫార్వర్డ్ (లోపలికి దూసుకొచ్చే రోల్) చేస్తే ఆ వింగ్‌లో ఒక్కరూ ఉండరు. బంతి పోయిన మరుక్షణం ఎదుటి వింగర్‌కి అటు మైదానమంతా ఖాళీ. వెడల్పు కోసం ఒకణ్ణి మామూలు వింగర్‌గా ఉంచండి, డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్‌ని హోల్డింగ్ రోల్‌లో డిఫెండ్ మీద పెట్టండి. రోల్ పక్కన ప్లస్ ప్లస్ గుర్తు ఉన్న ఆటగాడే ఆ పనిని పూర్తిగా చేస్తాడు. గుర్తు లేనివాడికి ఆ రోల్ ఇస్తే సగం సగం చేసి మధ్యలో నిలబడిపోతాడు.

ఇంత శ్రద్ధ పెట్టగలిగిన కంపెనీ ప్యాకుల (అల్టిమేట్ టీమ్‌లో లోపల ఏ ఆటగాడు వస్తాడో తెలియకుండా కొనేవి) అమ్మకం దగ్గర ఎందుకంత మొండిగా ఉంటుందో అర్థం కాదు. 2019 జనవరిలో బెల్జియంలో ఆ ప్యాకులు కొనే ఫిఫా పాయింట్లు అమ్మడం ఆపారు, అదీ అక్కడి ప్రభుత్వం జూదం చట్టం కిందికి తెచ్చాక. మిగతా చాలా దేశాల్లో పిల్లలు అదృష్టం కోసం డబ్బు పోస్తూనే ఉన్నారు. రియలిజం గురించి ఇంత ప్రచారం చేసుకునే గేమ్‌లోనే ఫిఫా 20 నుంచి 22 దాకా యువెంటస్ పేరు పీమాంటే కాల్చో అని ఉండేది, అప్పట్లో లైసెన్స్ పోటీ కంపెనీ కోనామీ దగ్గరుంది కాబట్టి. రొనాల్డో ఉన్న జట్టుకి ఎవరూ ఎరగని చొక్కా.

మన దగ్గర ఫుట్‌బాల్ చూసేవాళ్లకి ఒక సలహా. ఫిఫా 22, 23ల్లో ఇండియన్ సూపర్ లీగ్ ఉంది, హైదరాబాద్ ఎఫ్‌సీ ఉంది. 2022 మార్చిలో గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి టైటిల్ గెలిచిన జట్టు అది, కట్టిమణి గోల్‌లో నిలిచిన రోజు. గేమ్‌లో ఆ ఆటగాళ్లలో చాలామంది ముఖాలు నిజంలా ఉండవు, రేటింగ్‌లు యాభైల్లో, అరవైల్లో ఉంటాయి. అయినా రియలిజం చూడాలంటే రియల్ మాడ్రిడ్‌కన్నా ఈ జట్లే మేలు. బాల్ కంట్రోల్ 58 ఉన్న మిడ్‌ఫీల్డర్‌కి బంతి ఊరికే కాలి దగ్గర ఆగదు, పాస్ ఎటు ఇవ్వాలో అందుకునే ముందే ఆలోచించాలి. 90 రేటింగ్ ఉన్న పదకొండు మందితో ఆడితే ఏ గేమ్ అయినా తేలికైపోతుంది.

మీ దగ్గరున్నది పీఎస్4 అయితే ఇంకో విషయం చూసుకోవాలి. ఫిఫా 22 నుంచి హైపర్‌మోషన్‌ని పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ లాంటి కొత్త కన్సోళ్లకే ఇచ్చారు, పీసీకి ఫిఫా 23 నుంచి వచ్చింది. నింటెండో స్విచ్‌లో ఫిఫా 20 నుంచి 23 దాకా లెగసీ ఎడిషన్ పేరుతో పాత ఆటనే కొత్త జెర్సీలతో అమ్మారు. పాత మెషీన్ ఉన్నవాళ్లు ట్రైలర్ చూసి కొనకండి, మీ మెషీన్‌లో ఆడినవాళ్ల వీడియో వెతికి చూడండి. పీఎస్5 ఉంటే కొత్త సంవత్సరం సేల్ దాకా ఆగండి, ఈలోగా ఎఫ్‌సీ 24లో పాస్ ఎర్రర్ 63 పెట్టి ఒక సీజన్ ఆడండి.