స్లాబ్ మీద సన్న పగుళ్లు: సమాధానం

నిన్న మధ్యాహ్నం ఎండలో వేసిన స్లాబ్‌కి పొద్దున్నే సన్నటి పగుళ్లు కనిపించాయని, మేస్త్రీ సిమెంట్ పాలు పోస్తే చాలంటున్నాడని రాశారు. టెన్షన్ పడకండి. కాంక్రీటు గట్టిపడకముందే ఎండకూ గాలికీ పైతడి ఆరిపోతే ఇలాంటివి వస్తాయి. వెంట్రుకవాసి పగుళ్లయితే సాధారణంగా బలానికి ఢోకా ఉండదు. సిమెంట్ పాలు పైపూతే, అసలు పని నీళ్లది. ఈరోజే గట్లు వేసి మడులు కట్టి, రెండంగుళాల నీళ్లు నిలపండి. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం ఓపీసీకి (మామూలు సిమెంట్) కనీసం 7 రోజులు, పీపీసీకైనా (ఫ్లైయాష్ లాంటివి కలిపిన సిమెంట్) మండే ఎండల్లోనైనా 10 రోజులు తడిగా ఉంచాలి. నేనైతే 14 రోజులు ఆరనివ్వను. (మా ఇంటికి పూటకోసారి పైపుతో చల్లి సరిపెట్టారు. ఇప్పుడు వానొస్తే బకెట్లు పెట్టుకుంటున్నాం.) సామాను అద్దె పెరిగినా సరే, సెంట్రింగ్ (స్లాబ్ కింద మోసే చెక్కలు, పోట్లు) కూడా ఆ 14 రోజులదాకా విప్పనివ్వకండి. విప్పాక కింద తడి మరకలు కనిపిస్తే మాత్రం ఇంజనీరుని పిలిచి చూపించండి.