రోజూ పరిగెత్తే ల్యాబ్‌కి (లాబ్రడార్ కుక్కకి) ఎంత తిండి పెట్టాలి?

మీ ల్యాబ్‌కి రెండేళ్లు, 32 కిలోలు, పొద్దున్నే మీతో 6 కిలోమీటర్లు పరిగెడుతుంది, ప్యాకెట్ మీద ఒక లెక్క ఉంటే తెలిసినవాళ్లు ఇంకో లెక్క చెబుతున్నారు, దేన్ని నమ్మాలి అని కదా మీ ప్రశ్న. ఆ లెక్కలు మొదలుపెట్టడానికి పనికొస్తాయండి, అంతే. తర్వాత దాని ఒళ్లు చూసే పెట్టాలి. మా ఇంట్లో ఒక ల్యాబ్, ఒక జర్మన్ షెపర్డ్ ఉన్నాయి. రెండూ దాదాపు ఒకే బరువు, విశాఖ బీచ్‌లో రోజూ కలిసే పరిగెడతాయి, అయినా షెపర్డ్ తినేదాంట్లో ముప్పావు వంతు పెడితేనే ల్యాబ్ బరువు పెరగకుండా ఉంటుంది.

ముందు లెక్క చెబుతాను. ఫోన్ కాలిక్యులేటర్‌లో 32 × 32 × 32 కొట్టి, వర్గమూలం బటన్ రెండుసార్లు నొక్కి, వచ్చినదాన్ని 70తో గుణించండి. సుమారు 940 వస్తుంది. ఊరికే పడుకుని ఉన్నా దాని ఒంటికి రోజుకు అన్ని కేలరీలు కావాలి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి ఉంటే దాన్ని 1.6తో, లేకపోతే 1.8తో గుణించాలి, అంటే 1,500 లేదా 1,700. మామూలు నడక, ఇంట్లో తిరగడం అన్నీ ఇందులోనే వచ్చేశాయి.

ఇక పరుగు. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే, ఎందుకంటే పెద్ద కుక్క కిలోమీటరు పరిగెడితే కిలో బరువుకి సుమారు ఒక కేలరీ ఖర్చవుతుంది, అంటే మీదానికి 6 కిలోమీటర్లకి 190 చిల్లర, డ్రై ఫుడ్‌లో చెప్పాలంటే 50 గ్రాములు కొంచెం దాటుతుంది. పరిగెడుతోంది కదా అని ఇంకో గిన్నె పోస్తే అది కొవ్వుగానే మారుతుంది. రెట్టింపు, మూడింతలు తిండి కావాల్సింది రోజంతా పనిచేసే కుక్కలకి. అలాస్కాలో మంచు మీద బండ్లు లాగే కుక్కలైతే పోటీల్లో రోజుకు 10 వేల కేలరీల దాకా తింటాయి. మన కుక్కల పరుగు ఆ కోవలోకి రాదు.

ప్యాకెట్ వెనక 100 గ్రాములకి ఎన్ని కేలరీలో చూడండి. 360 ఉందనుకుంటే, ఆపరేషన్ అయిన కుక్కకి పరుగుతో కలిపి 470 గ్రాములు, కానిదానికి 525 దాకా. గిన్నెతో కొలవకుండా వంటింటి కాటాలో తూచండి. పైన పెట్టే ప్రతిదీ ఇందులోంచి తీసేయాలి. చపాతీ ఒకటి 100 కేలరీలు, గుడ్డు 70. పెరుగన్నం కూడా కలిపితే డ్రై ఫుడ్ తగ్గించాలి, పైగా అందులో మాంసకృత్తులు తక్కువ కాబట్టి దాన్నే ప్రధానమైన తిండి చేయకండి.

రెండు వారాలు అలా పెట్టి, పెట్ క్లినిక్ కాటా మీద బరువు చూడండి. పక్కటెముకలు గట్టిగా నొక్కకుండానే చేతికి తగలాలి, పైనుంచి చూస్తే నడుము కనబడాలి, పక్క నుంచి చూస్తే పొట్ట లోపలికి ఉండాలి. ఎముకలు చేతికి దొరక్కపోతే పదోవంతు తగ్గించండి, దూరం నుంచే కనబడుతుంటే పదోవంతు పెంచండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను, ఆకలి చూసి పెట్టకండి. ల్యాబ్‌లలో సుమారు నాలుగోవంతు కుక్కలకి ఆకలికి సంబంధించిన ఒక జన్యువులో మార్పు ఉంటుందని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు చెప్పారు, అవి ఎంత తిన్నా ఇంకా కావాలనే చూస్తాయి. అంతకుముందు 48 ల్యాబ్‌లని జీవితాంతం గమనించిన అధ్యయనంలో, పావు వంతు తక్కువ తిన్నవి మిగతావాటికన్నా దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, కీళ్ల నొప్పులకి మందులు కూడా వాటికి ఆలస్యంగానే అవసరమయ్యాయి. అది తెలిశాక మా ల్యాబ్ ఎంత జాలిగా చూసినా నా చెయ్యి డబ్బా మీదికి వెళ్లదు.

తిండి రెండు పూటలుగా పెట్టండి, పరుగుకి ముందూ తర్వాతా కనీసం గంట ఆగండి. పెద్ద జాతి కుక్కలకి పొట్ట ఉబ్బి మెలితిరిగే ప్రమాదం ఉంది. పొట్ట బిగుసుకుపోయి, వాంతి రాకుండా ఊరికే ఓకరిస్తుంటే అర్ధరాత్రయినా వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

ఆపరేషన్ అయిందో లేదో, ప్యాకెట్ వెనక కేలరీలు ఎన్ని ఉన్నాయో రాయండి, మీదానికి సరిగ్గా లెక్కవేసి చెబుతాను.