షెడ్డు ముచ్చట్లు: చుక్కాని అంచు వంకరపోతే

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మేం డాలస్ పక్కన ఉంటాం. గరాజ్‌లో ఆర్‌వీ-7 అనే, సొంతంగా కట్టుకునే చిన్న విమానం కిట్ మొదలుపెట్టాను. నిన్నటితో రడ్డర్ (తోకలో నిలువుగా ఉండే చుక్కాని) వెనక అంచుకి రివెట్లు కొట్టడం పూర్తయింది. సూటిగా ఉన్న యాంగిల్ (ఎల్ ఆకారపు లోహపు బద్ద) ఆనించి చూస్తే మధ్యలో 1/8 అంగుళం వంపు తేలింది. ప్లాన్‌లో 0.1 అంగుళం దాటకూడదని ఉంది. పుట్టీ పెట్టి సరిచేసి, పైన రంగు వేసేస్తే సరిపోదా? ఇంకో మాట. తేలిగ్గా ఉండాల్సిన విమానం తోకలో సీసం ముద్దలెందుకని మా ఆవిడ అడిగింది. నాకు సరిగ్గా చెప్పడం రాలేదు.

జవాబు: ముందు మీ ఆవిడ అడిగిన దానికే చెబుతాను. మీ పుట్టీ సంగతి అందులోనే తేలిపోతుంది.

రడ్డరైనా, తోకలో అడ్డంగా ఉండి ముక్కుని పైకీ కిందికీ తిప్పే ఎలివేటరైనా మడతబందుల మీద ఊగే రేకు తలుపే. దాని బరువు దాదాపు అంతా మడతబందుకి వెనకే ఉంటుంది. ఏదో కుదుపుకి తోక పైకి లేచిందనుకోండి. వెనక బరువున్న ఎలివేటర్ దాంతోపాటు లేవదు, బద్ధకంగా కిందికి వాలుతుంది. అది వాలగానే గాలి తోకను ఇంకా పైకి నెడుతుంది. తోక స్ప్రింగులా వెనక్కి వచ్చేటప్పుడు ఇదే తంతు తలకిందులుగా జరుగుతుంది. వేగం ఒక హద్దు దాటిందా, ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దదవుతుంది. దీన్నే ఫ్లటర్ అంటారు. పైలట్‌కి సంగతి అర్థమయ్యేలోపే తోక ఊడిపోవచ్చు. అందుకే మడతబందుకి ముందు వైపున సీసం పెట్టి తూకం సరిచేస్తాం. అప్పుడు తోక ఎటు పోతే రేకూ అటే పోతుంది.

1916లో ఇంగ్లండ్‌లో ఒక హ్యాండ్లీ పేజ్ బాంబర్ తోక ఇలాగే భయంకరంగా ఊగింది. కుడి ఎలివేటర్‌కీ ఎడమ ఎలివేటర్‌కీ సంబంధం లేకపోవడం వల్లే ఇదంతా అని లాంచెస్టర్ అనే ఇంగ్లీషు ఇంజనీరు పట్టుకున్నాడు. రెండింటినీ గట్టి గొట్టంతో కలపమన్నాడు. మీ కిట్‌లో రెండు ఎలివేటర్ల హార్న్‌లనూ (వాటిని తిప్పే చేతుల్లాంటి ముక్కల్ని) మధ్యలో ఒకే పుష్‌రాడ్‌కి, అంటే తోసే కడ్డీకి, బోల్టుతో బిగిస్తారు, చూడండి.

ఇప్పుడు పుట్టీ. మీరు పెడదామనుకుంటున్నది ఎక్కడ? మడతబందుకి అన్నిటికంటే దూరంగా, చిట్టచివరి అంచున. అక్కడ చిటికెడు బరువు పెరిగినా ముందు వైపు దానికి ఎన్నో రెట్లు సీసం కావాలి. రంగు కూడా బరువే, అందుకే తూకం రంగు వేశాకే చూడాలి. కాబట్టి పుట్టీ వద్దు.

పోనీ అలాగే వదిలేస్తే? వంగిన అంచు నిరంతరం ఓ పక్కకి తిప్పిన చిన్న ట్రిమ్ ట్యాబ్‌లా (చుక్కానిని ఓ పక్కకి నెట్టే బుల్లి రేకులా) పనిచేస్తుంది. విమానం ముక్కు కాస్త పక్కకి లాగుతుంటే, ప్రయాణమంతా ఒక పెడల్ మీద కాలు నొక్కిపట్టుకుని కూర్చోవాలి.

ఎయిర్‌ఫోర్స్‌లో ఇరవై ఏళ్లు ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా చేసినవాణ్ణి, నాకెందుకు తప్పు జరుగుతుందిలే అనుకున్నాను. మావాడి గరాజ్‌లో మొదటి రడ్డర్ కట్టినప్పుడు, మర్నాడు ఉగాదికి చుట్టాలొస్తున్నారని టెన్షన్‌తో ఒక్క సాయంత్రంలో ఈ చివర నుంచి ఆ చివరిదాకా వరుసగా కొట్టేశాను. పొద్దున చూస్తే అంచు కొడవలిలా వంగి ఉంది. ఒక్కో రివెట్ రేకుని వెంట్రుకవాసి సాగదీస్తుంది. వరుసగా కొడితే ఆ సాగుడంతా ఒకే దిక్కున పోగవుతుంది.

రెండోసారి ఇలా చేశాను. రెండు రేకుల మధ్య వెడ్జ్‌ని (అంచులో ఇమిడే చీలలాంటి సన్నటి బద్దని) సీలెంట్ అనే జిగురుతో అంటించి, సూటి అల్యూమినియం యాంగిల్‌కి అవే బెజ్జాలు వేసి, ప్రతి బెజ్జంలో క్లెకో (రేకుల్ని తాత్కాలికంగా పట్టి ఉంచే స్ప్రింగు పిన్ను) పెట్టి బిగించాను. రెండు రోజులు దాని జోలికి పోలేదు. తర్వాత పదేసి బెజ్జాలకొక రివెట్, ఆ తర్వాత వాటి నడుమ ఒకటి, అలా నింపుకుంటూ వచ్చాను. ఒక్కో రివెట్‌నీ మొదట సగమే కొట్టి, అన్నీ పూర్తయ్యాక మళ్లీ మొదటి నుంచి ముగించాను. మధ్యమధ్యలో యాంగిల్ ఆనించి చూడటం మరవకండి. ఇంకో సంగతి. ఇవి రెండు వైపులా రేకుతో సమంగా కూర్చునే రివెట్లు. కొట్టిన వైపు తల ఫ్యాక్టరీ తల అంత నున్నగా రాదు. నున్నగా రాలేదని ఇంకా బాదితే అంచు పాడవుతుంది.

మీది 1/8, అంటే 0.125. హద్దు దాటింది కానీ ఘోరంగా ఏమీ లేదు. అందుకని ఇవాళే డ్రిల్ తీయకండి. పలచటి రేకులో రివెట్ తీసేటప్పుడు బెజ్జం పెద్దదైతే అంచుకి చోటు మిగలదు, అప్పుడు నిజంగానే రేకు పోతుంది. ముందు మరో యాంగిల్‌తో కొలిచి చూడండి, ఒక్కోసారి యాంగిలే వంకరగా ఉంటుంది. వంపు నిజమేనని తేలితే, స్కేలు కనిపించేలా ఫొటోలు తీసి కొలతలతో కిట్ కంపెనీకి పంపండి. మీ దగ్గరి ఈఏఏ (సొంతంగా విమానాలు కట్టుకునేవాళ్ల సంఘం) చాప్టర్‌లో టెక్నికల్ కౌన్సిలర్, అంటే పని చూసి సలహా చెప్పే అనుభవజ్ఞుడు, ఉంటే పిలిచి చూపించండి. డబ్బులు తీసుకోరు, మంచి కాఫీ ఇస్తే చాలు.

కొత్త రేకులే తెప్పించాల్సి వస్తే పాతవి పారేయకండి. నా మొదటి రడ్డర్ రేకు మీద మా ఆవిడ ఇప్పటికీ వడియాలు పెడుతోంది.